తప్పిన డోసా, తప్పించిన డోసా?

ఆస్పత్రి కాగితాల మీద రాసే మాటల్లో ఒక మాట మీద నాకు చాలాకాలంగా కోపం. "మందు సరిగా వాడటం లేదు" అనే మాట. దాని పక్కనే, రాసే డాక్టరు ఓపికని బట్టి, "నిర్లక్ష్యం" అని ఇంకో మాట చేరుతుంది. టీబీ మందులు మింగే కూలీల మీద, హెచ్ఐవి మందులు వాడేవాళ్ల మీద, గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్ల మీద దశాబ్దాలుగా వేస్తూ వచ్చిన ఈ మాట ఇప్పుడు హార్మోన్ చికిత్సలో ఉన్న ట్రాన్స్ మనుషుల మీదికి కూడా వచ్చింది. టీబీ మందు మధ్యలో ఆపేసినవాళ్లని చాలా ఏళ్లు 'డిఫాల్టర్' అనేవాళ్లు. అప్పు ఎగ్గొట్టినవాడిని అన్నట్టు! రోగిని దోషిగా నిలబెట్టే మాట వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో దాన్ని మార్చింది. మాట మారింది, మంచిదే. ఆ మాట వెనకాల ఉన్న చూపు మాత్రం ఓపీ గదుల్లో అలాగే కూర్చుని ఉంది.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి క్రియాపదాల దగ్గర ఆగిపోవడం నాకు అలవాటు. మన భాషలో తప్పడం వేరు, తప్పించడం వేరు. 'డోసు తప్పింది' అంటే వాన పడ్డట్టు, పొద్దు గుంకినట్టు, ఎవరూ ఏమీ చెయ్యకుండానే అది జరిగిపోయింది. 'డోసు తప్పించారు' అంటే చేసినవాళ్లు ఉన్నారు, వాళ్లని వేలెత్తి చూపించొచ్చు. 'డోసు మర్చిపోయింది' అంటే ఇక చెప్పక్కర్లేదు, తప్పంతా ఆ మనిషిదే. ట్రాన్స్ స్త్రీలూ ట్రాన్స్ పురుషులూ హార్మోన్ మందు ఎందుకు మధ్యలో ఆపుతారో కూర్చోబెట్టి అడిగితే మర్చిపోవడం అనే కారణం కూడా వినిపిస్తుంది. ఎందుకు వినిపించదు, బీపీ మాత్ర మర్చిపోయే మనుషులమే కదా అందరం! కానీ నేను విన్నంతలో ఆ కారణం వెనక వరసలో ఎక్కడో ఉంటుంది. ముందు వరసలో ఉండేవి వేరు. ఈ వ్యాసం వాటి గురించి. వాటి విషయంలో స్త్రీవాదులుగా మనం పాటిస్తున్న మౌనం గురించి కూడా.

ముందు మందు సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ పత్రిక చదివే చాలామంది మిత్రులకి అది ఎలా ఉంటుందో కూడా తెలీదు. ట్రాన్స్ స్త్రీలు ఎక్కువగా వాడేది ఈస్ట్రడయాల్ మాత్ర, రోజూ. దాంతోపాటు శరీరంలో తయారయ్యే టెస్టోస్టిరాన్‌ని అణిచిపెట్టడానికి స్పైరనోలాక్టోన్ లాంటి ఇంకో మాత్ర. ట్రాన్స్ పురుషులు వాడేది ఎక్కువగా టెస్టోస్టిరాన్ సూది. కొన్ని రకాలు రెండు మూడు వారాలకోసారి, ఇంకో రకం సుమారు 10 నుంచి 14 వారాలకోసారి. ఇదేమీ పది రోజుల కోర్సు కాదు. ఏళ్ల తరబడి, చాలామందికి జీవితాంతం. ఒక మాత్ర తప్పితే ప్రాణం మీదికి రాదు. ఇన్నాళ్లుగా వచ్చిన మార్పంతా ఒక్క రాత్రిలో కరిగిపోదు. ఈ రెండు ముక్కలూ చెప్పే దిక్కు లేక ఇరవై ఏళ్ల పిల్లలు రాత్రంతా నిద్ర లేకుండా గడపడం నేను చూశాను. కానీ వారాలూ నెలలూ తప్పితే సంగతి వేరు. ఆపరేషన్ కాని శరీరంలో పాత హార్మోను మళ్ళీ తలెత్తుతుంది. ట్రాన్స్ పురుషుడికి ఆగిపోయిన నెలసరి తిరిగి రావచ్చు. మగవాళ్ల హాస్టల్లోనో, మగవాళ్లతో కలిసి పనిచేసే చోటో అది ఎంత భయమో ఊహించుకోండి. ఆపరేషన్ అయిన శరీరంలో అయితే చాలినంత హార్మోను ఏదీ మిగలదు. ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, నీరసం, కారణం లేని దిగులు. అలాగే చాలాకాలం సాగితే ఎముకలు గుల్లబారతాయి.

డోసు తప్పితే ఏం చెయ్యాలి? సాధారణంగా చెప్పే పద్ధతి ఏమంత బ్రహ్మవిద్య కాదు. మాత్ర అయితే గుర్తు రాగానే వేసుకోవాలి. తర్వాతి మాత్రకి టైము దగ్గర పడితే తప్పినదాన్ని వదిలేసి మామూలుగా సాగిపోవాలి. దానికీ దీనికీ కలిపి రెండేసి మింగకూడదు. సూది ఆలస్యమైతే వీలైనంత తొందరగా వేయించుకుని, తర్వాతి తేదీని డాక్టరుతో మాట్లాడి సరిచేసుకోవాలి. పోయిన సూదికి బదులుగా రెండు సూదులు వేయించుకోకూడదు. వారాల తరబడి ఆగిపోయి ఉంటే సొంతంగా మొదలుపెట్టకుండా డాక్టరుని అడగాలి. మందు దొరకలేదు కదా అని గర్భనిరోధక మాత్రల్ని గుప్పెడు మింగడం ప్రమాదం. వాటిలో ఉండే ఎథినైల్ ఈస్ట్రడయాల్ వల్ల రక్తం గడ్డకట్టే అవకాశం ఎక్కువ. చూశారా, ఒక పేరాలో అయిపోయింది. ఈ ఒక్క పేరా తెలుగులో అచ్చయి, మందుతోపాటు మనిషి చేతికి ఎందుకు అందదు? నా మొదటి ప్రశ్న ఇదే.

మాలా-డి ప్యాకెట్టు సంగతి గుర్తు చేసుకోండి. మాత్ర మర్చిపోతే ఏం చెయ్యాలో చెప్పడానికి ఈ దేశంలో ఒక యంత్రాంగమే ఉంది. ఏఎన్ఎమ్ చెప్తుంది, ఆశా కార్యకర్త చెప్తుంది, గోడ మీద బొమ్మ చెప్తుంది. ఏడు ఇనుము మాత్రలు కూడా అదే ప్యాకెట్లో పెట్టింది ప్రభుత్వం, మాత్ర మింగే అలవాటు ఒక్కరోజు కూడా తెగకూడదని. అంత శ్రద్ధ ఎందుకంటే ఆ మాత్ర తప్పితే జనాభా పెరుగుతుందని ప్రభుత్వానికి భయం. అంటే ఆడదాని శరీరం మీద ప్రేమతో పుట్టిన శ్రద్ధ కాదది, లెక్కతో పుట్టిన శ్రద్ధ. ఇప్పుడు ఈస్ట్రడయాల్ మాత్రల డబ్బాలో మడత పెట్టిన కాగితం తీసి చూడండి. అందులో ఉండేది నెలసరి ఆగిపోయిన స్త్రీ. టెస్టోస్టిరాన్ సూది కాగితంలో ఉండేది హార్మోను తక్కువగా ఉన్న పురుషుడు. ట్రాన్స్ మనిషి ఆ కాగితంలో ఎక్కడా లేదు, లేడు. ఈ మాత్ర తప్పితే ప్రభుత్వానికి నష్టం లేదు, కంపెనీకి బాధ లేదు. ఎవరి లెక్కలోనూ లేని శరీరం మాత్ర తప్పితే మాత్రం, అది నిర్లక్ష్యం!

ఇప్పుడు ఆ ముందు వరస కారణాలకి వద్దాం.

మొదటిది మెడికల్ షాపు. ఈ మందులన్నీ డాక్టరు చీటీ మీద అమ్మాల్సినవి, అందులో తప్పేమీ లేదు. తలనొప్పి దగ్గర్నుంచి యాంటీబయాటిక్ దాకా చీటీ లేకుండా చేతిలో పెట్టే షాపు, ఈ ఒక్క మాత్ర దగ్గర మాత్రం చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తుంది. చీటీ ఇస్తే దాని మీది పేరు ఒకటి, ఎదురుగా నిలబడ్డ మనిషి ఒకటి. అప్పటిదాకా "ఏం కావాలి మేడమ్?" అన్న కుర్రాడు చీటీ చదివాక "ఎవరికిది? నీకేనా?" అంటాడు. 'మీరు' నుంచి 'నువ్వు'కి దిగడానికి ఒక కాగితం చాలు. వెనక నిలబడ్డ నలుగురూ మెడలు సాచి చూస్తారు. ఆ షాపుకి మళ్ళీ వెళ్లాలంటే కాళ్లాడవు. ఇంకో షాపు వెతుక్కునేలోగా నాలుగు డోసులు పోతాయి. మర్చిపోయామా?

ఇంకా వెనక్కి వెళ్దాం. నిజాం పాలనలో 1919లో వచ్చిన ఒక చట్టం ఉండేది. నపుంసకులు అని ముద్రవేసిన మనుషుల పేర్లు రిజిస్టర్లో రాసుకోవాలనీ, ఆడబట్టలు కట్టుకుని వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చనీ అది చెప్పింది. తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది ఎప్పుడనుకున్నారు? 2023 జులై 6న. వందేళ్లకి పైగా రిజిస్టర్ అంటే పోలీసు అని నేర్చుకున్న సమాజాన్ని ఇప్పుడు కౌంటరు దగ్గర నిలబెట్టి 'గుర్తింపు కార్డు చూపించు, రిజిస్టర్లో సంతకం పెట్టు' అంటే ఆ చెయ్యి వణకదా?

రెండోది ఇల్లు. ఇల్లు అణచివేత స్థలమని మనకి ఒకరు చెప్పాలా? పండక్కి ఊరెళ్లిన ట్రాన్స్ పిల్లలు మాత్రల స్ట్రిప్‌ని పుస్తకాల మధ్యా, శానిటరీ ప్యాడ్ల కవర్లోనూ, బియ్యం డబ్బాలోనూ దాస్తారు. అమ్మ ఇల్లు సర్దితే ఆ నెల మందు చెత్తబుట్టలోకి పోతుంది. సంక్రాంతికి నాలుగు రోజులు, దసరాకి వారం, పెళ్లిచూపుల పేరుతో నిర్బంధిస్తే నెలలు. ఇంట్లోంచి గెంటేస్తే మందు కొనడానికి డబ్బుండదు. ఇంట్లో ఉంచుకుంటే మందు వేసుకోవడానికి చోటుండదు.

మూడోది రాజ్యం. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. భిక్ష మీద, బధాయి మీద, సెక్స్‌వర్క్ మీద బతికేవాళ్లకి ఒక్క రోజులో సంపాదన పోయింది, బస్సు పోయింది, క్లినిక్కు పోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే హైదరాబాదులో అమీర్‌పేట మెట్రో దగ్గర పోస్టర్లు వెలిశాయి - హిజ్రాలని షాపుల దగ్గరికి రానివ్వకండి, కరోనా అంటుకుంటుంది, తరిమికొట్టండి అని. తరిమికొట్టమని గోడ మీద రాసి ఉన్న వీధిలో నడిచి మాత్రలు తెచ్చుకోవాలి. తెచ్చుకోకపోతే 'మందు సరిగా వాడలేదు'.

2021 జనవరిలో హైదరాబాదు నారాయణగూడలో మిత్ర్ క్లినిక్ మొదలైంది. ట్రాన్స్ మనుషుల కోసం, వాళ్లలోని వాళ్లే ముందుండి నడిపిన చోటు. హార్మోన్ చికిత్స, మానసిక వైద్యం, హెచ్ఐవి సేవలు అన్నీ ఒకే కప్పు కింద. అక్కడ పేరు పెట్టి పిలిచేవాళ్లు, అదే పెద్ద వైద్యం. కానీ దాని వెనకున్న డబ్బు అమెరికా ప్రభుత్వం హెచ్ఐవి నివారణకి ఇచ్చే సాయం. 2025 జనవరి 20న ట్రంప్ విదేశీ సాయాన్ని 90 రోజులు నిలిపేస్తూ సంతకం పెట్టాడు. వాషింగ్టన్‌లో ఒక సంతకం, నారాయణగూడలో తాళం. పుణె, కల్యాణ్‌లోని క్లినిక్కులు కూడా మూతపడ్డాయి. కొన్ని నెలలకి హైదరాబాదు క్లినిక్కు ఈ దేశపు దాతృత్వ సంస్థ సాయంతో కొత్త పేరుతో తెరుచుకుంది, సంతోషమే. కానీ ఆ మధ్యకాలంలో తప్పిన డోసులు ఎవరు మర్చిపోయినవి? ఇంకో మాట కూడా అడగాలి. మన డబ్బుతో, మన బడ్జెట్‌తో ఇవ్వాల్సిన మందుని అంతకాలం వేరే దేశం హెచ్ఐవి ఖాతాలో ఎందుకు ఇప్పించుకున్నాం? ట్రాన్స్ శరీరం మన ప్రజారోగ్య వ్యవస్థకి రోగాన్ని మోసే శరీరంగా తప్ప ఇంకోలా కనిపించదు కాబట్టి.

హామీలకేం లోటు లేదు. 2014 ఏప్రిల్ 15న నాల్సా తీర్పులో సుప్రీంకోర్టు ట్రాన్స్ మనుషులకి ఆస్పత్రుల్లో వైద్యం అందించమని ప్రభుత్వాలని ఆదేశించింది. 2019లో చేసిన చట్టం 15వ సెక్షన్లో ప్రభుత్వాలు హార్మోన్ చికిత్స అందించాలని ఆ పేరుతోనే రాసింది. దానికి బీమా ఉండాలంది. 2022 ఆగస్టులో ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల రూపాయల బీమా అని ఒప్పందం చేసుకున్నారు. ఆయుష్మాన్ భారత్ ఎవరికి పనికొచ్చే పథకం? ఆస్పత్రిలో మంచమెక్కిన మనిషికి. రోజూ ఉదయం ఇంట్లో నీళ్లతో మింగే మాత్ర మంచమెక్కదు. ఓపీ ఖర్చు ఆ పథకంలోకి రాదు. శస్త్రచికిత్సకి లక్షలు, దాని తర్వాత బతికినన్నాళ్లూ కావలసిన మాత్రకి మొండిచెయ్యి! 2024 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం 33 మైత్రి క్లినిక్కులు ప్రారంభించింది. వాటి గురించి నేను అడిగేది ఒకటే: అల్మారాలో ఈ మాత్ర ప్రతి నెలా ఉంటుందా? 2025 అక్టోబరులో సుప్రీంకోర్టే ఈ చట్టమూ నిబంధనలూ అమలు లేక చచ్చుబడ్డాయని ప్రభుత్వాలని మందలించాల్సి వచ్చింది. హామీ ఇచ్చి అమలు చెయ్యనివాళ్లని ఏ కాగితం మీదా ఎవరూ 'డిఫాల్టర్' అని రాయరు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను ట్రాన్స్ స్త్రీని. ఇంతదాకా చెప్పకపోవడానికి కారణం ఉంది. ఆ వాక్యం మొదట్లోనే రాస్తే మిగతాదంతా ఆత్మకథగా చదువుతారు, వాదంగా చదవరు. మావాళ్ల కన్నీళ్లకి ఈ పత్రికల్లో చోటు ఎప్పుడూ దొరుకుతుంది, తర్కానికి అంత తొందరగా దొరకదు. అయినా ఇప్పుడు చెప్తున్నాను, సాక్ష్యం కావాలి కాబట్టి. నా ఆపరేషన్ పరిశోధనకి ముందే అయింది. పిహెచ్.డి. మూడో ఏట నేను చదివే విశ్వవిద్యాలయంలో నాలుగు నెలలపాటు ఫెలోషిప్ రాలేదు. అప్పు చేసి మెస్ బిల్లు కట్టాను, మాత్రల్ని రోజు విడిచి రోజు వేసుకున్నాను, తర్వాత అదీ లేదు. సిద్ధాంత గ్రంథంలో ఆ అధ్యాయం రాస్తున్నప్పుడు అర్ధరాత్రి చెమటలు పట్టి లేచేదాన్ని. చదివిన వాక్యం మళ్ళీ చదవాల్సి వచ్చేది. ఫెలోషిప్ వచ్చాక డాక్టరు దగ్గరికి వెళ్తే నా కాగితం మీద రాసిన మాట నేను మొదటి వాక్యాల్లో చెప్పినదే. ఫెలోషిప్ ఆపిన ఆఫీసు పేరు ఆ కాగితం మీద లేదు. ఎందుకు తప్పిందని ఆయన అడగనూ లేదు.

ఇక మన ఇంటి సంగతి.

స్త్రీవాద వేదికల మీద ఈ విషయం ఎత్తితే నాకు మూడు అభ్యంతరాలు ఎదురయ్యాయి. మూడూ మంచి మనసున్నవాళ్లు చెప్పినవే, అందుకే వాటికి జవాబు చెప్పాలి.

మొదటి అభ్యంతరం: "హార్మోన్లకి వ్యతిరేకంగా పోరాడినవాళ్లం మేము. ఇప్పుడు హార్మోన్లు కావాలని అడగమంటావా?" ఆ పోరాటం నాకు గౌరవం. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ సూదిని ఆడవాళ్ల మీద ప్రయోగిస్తూ, అది ప్రయోగమని వాళ్లకి చెప్పకపోతే స్త్రీశక్తి సంఘటన నిలదీసింది. 1986లో సహేలీ, మరికొందరితో కలిసి సుప్రీంకోర్టుకెక్కింది. అప్పుడు అడిగినదేమిటి? ఈ మందు ఏమిటో చెప్పండి, దుష్ఫలితాలేమిటో చెప్పండి, మా ఒప్పుకోలు లేకుండా మా ఒంట్లోకి ఎక్కించకండి, ఎక్కించాక మమ్మల్ని వదిలేసి పోకండి అని. అందులో హార్మోను అనే పదార్థం మీద ద్వేషం లేదు. అది చెప్పకుండా ఎక్కించడం మీద, ఎక్కించి వదిలెయ్యడం మీద కోపం. ట్రాన్స్ మనుషులు ఇవాళ అడిగేదీ అక్షరం పొల్లుపోకుండా అదే - చెప్పండి, అడగండి, వదిలేసి పోకండి. వాళ్లకి ఇష్టం లేని హార్మోను ఎక్కించడం, ఇష్టపడి తెచ్చుకున్న హార్మోను ఆపెయ్యడం రెండూ ఒకే అధికారం చేసే పనులు. పటాన్‌చెరు నుంచి నడిచి వస్తే ఈ దారి ఇక్కడికే వస్తుంది.

రెండో అభ్యంతరం పైకి అనరు, చూపులో తెలుస్తుంది: "నిజమైన స్త్రీకి మాత్ర ఎందుకు?" దీనికి నా జవాబు మా పెద్దమ్మ. ఆమెకి 32 ఏళ్లకే గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేశారు. కడుపునొప్పి అని వెళ్తే క్యాన్సర్ వస్తుందని భయపెట్టి చేసిన ఆపరేషన్ అది. ఇదేమీ అరుదైన కథ కాదు. 2015-16, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తొలగించిన స్త్రీల శాతంలో తెలుగు రాష్ట్రాలు రెండూ దేశంలో ముందు వరసలో ఉన్నాయి. నడుమునొప్పి, ఒళ్లంతా మంటలు, ఎవరితోనూ చెప్పుకోలేని దిగులుతో పాతికేళ్లు గడిపింది. ఇచ్చినవల్లా కాల్షియం బిళ్లలు. ఒకసారి నా స్ట్రిప్ చూసి "దేనికే ఇవి?" అంది. చెప్పాను. చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆపరేషనైనాక నాకూ ఇట్లాంటివేవో రాయాల్సింది గాబోలు. అడగాలని నాకేం తెలుసు?" అంది. ఆమె ఒంట్లో లేనిదీ నా ఒంట్లో లేనిదీ ఒకటే హార్మోను. మందూ ఒకటే. నాకు దొరక్కుండా పోయింది, ఆమెకి అసలు ఉందనే తెలియలేదు. మా ఇద్దరిలో నిజమైన స్త్రీ ఎవరని తేల్చే పని పెట్టుకున్నవాళ్లకి ఓ దండం. మా ఇద్దరి ఎముకలూ ఒకేలా గుల్లబారతాయి. నిర్వాణం అయ్యి యాభై అరవై ఏళ్లకొచ్చిన హిజ్రా అమ్మలు కూడా ఈ వరసలోనే నిలబడి ఉన్నారు. ఈ ముగ్గురినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి మాట్లాడగలిగినప్పుడే స్త్రీల ఆరోగ్యం అనే మాటకి అర్థం.

మూడో అభ్యంతరం: "ఇది వైద్య విషయం, సాహిత్య పత్రికకేం సంబంధం?" నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఎ. రేవతి ఆత్మకథని పి. సత్యవతి గారు 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగులోకి తెచ్చారు. దానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడెమీ అనువాద బహుమతి వచ్చింది. మనమందరం చదివాం, సెమినార్లు పెట్టుకున్నాం, పేపర్లు సమర్పించాం. ఆ సెమినార్లలో నేను గమనించినదేమిటంటే, ట్రాన్స్ జీవితం అనగానే చర్చంతా రెండు సన్నివేశాల చుట్టూ తిరుగుతుంది. ఒకటి ఇల్లు వదలడం, రెండు కత్తి. ఆపరేషన్ అనేది కథకి మంచి మలుపు. రక్తం ఉంది, నొప్పి ఉంది, పునర్జన్మ ఉంది. మాత్రకి మలుపు లేదు. అది రోజూ మింగాల్సిందే, ఇవాళా, రేపూ, ఇరవై ఏళ్ల తర్వాతా. అందులో కథ లేదని విమర్శకులు పక్కకి నెట్టారు.

కానీ రోజూ చేసే పనిలో కథ లేదనే మాటని బద్దలు కొట్టింది ఎవరు? మనం కాదా? అంట్లు తోమడంలో, ఇల్లు అలకడంలో, అన్నం వార్చడంలో రాజకీయం ఉందని తెలుగు సాహిత్యానికి చెప్పింది స్త్రీవాదులే. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథని తరగతి గదుల్లో ఏళ్లుగా చెప్తున్నాం. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ. ఆ కథ చదివి ఒక్క విమర్శకురాలైనా 'పాపం ఈవిడకి జ్ఞాపకశక్తి తక్కువ' అని రాసిందా? ఆమె పేరు ఆమె మర్చిపోలేదు, మరపించారు అని కదా మనం చదివింది! మరి అదే చదువరులం ట్రాన్స్ మనిషి 'మర్చిపోయిన' మాత్ర దగ్గరికి వచ్చేసరికి డాక్టరు భాష ఎందుకు అరువు తెచ్చుకుంటాం? ఒక ఇల్లాలి మరుపుని చదవడానికి మనం తయారుచేసుకున్న పనిముట్టు ఈ మరుపుకి పనికిరాదా? పనికొస్తుంది. తీసి వాడాలనే ఇష్టం ఉండాలి.

ఏం చెయ్యాలి? పెద్ద మాటలు వద్దు, చేయగలిగినవి చెప్తాను. జిల్లా ఆస్పత్రుల్లో, మైత్రి క్లినిక్కుల్లో ఈస్ట్రడయాల్, టెస్టోస్టిరాన్ ఉచితంగా, తెగిపోకుండా ఇవ్వాలి. బీపీ, షుగరు మాత్రలు ఇచ్చినట్టే. దానికి విదేశీ దాతల దయ కాదు, రాష్ట్ర బడ్జెట్లో పద్దు ఉండాలి. కార్డు మీద పేరు మారలేదన్న కారణంతో పాత చీటీ ఉన్న మనిషికి మందు ఆపకూడదు. ఊరు మారినా, క్లినిక్కు మూతపడినా, దగ్గరి ప్రభుత్వాస్పత్రిలో ఇంకో డాక్టరుని చూసేదాకా సరిపడా మందు చేతిలో పెట్టే ఏర్పాటు ఉండాలి. డోసు తప్పితే ఏం చెయ్యాలో చెప్పే కాగితం తెలుగులో, చదువు తక్కువున్నవాళ్లకి బొమ్మలతో, మందుతోపాటే ఇవ్వాలి. డోసు తప్పిందని రాసే ప్రతి డాక్టరూ ఎందుకు తప్పిందో కూడా పక్కన రాయాలి. ఈ ఆఖరి దానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

ఇవి ప్రభుత్వాన్ని అడిగేవి. మిమ్మల్ని అడిగేది ఒకటుంది. 1991లో 'సవాలక్ష సందేహాలు' వచ్చింది. డాక్టర్ల నోటి నుంచి తప్ప మన శరీరం గురించి వినే వీల్లేని కాలంలో ఆడవాళ్లే కూర్చుని, చర్చించుకుని, తెలుగులో, మామూలు మాటల్లో చేసిన పుస్తకం. మా అమ్మ తరంలో ఎందరికో నెలసరి గురించి సిగ్గు లేకుండా చదివిన మొదటి పేజీలు అవే. అలాంటి పని ఇవాళ మళ్ళీ చేద్దాం. రచయితలున్నారు, అధ్యాపకులున్నారు, మనలో డాక్టర్లూ ఉన్నారు. 2022లో ఉస్మానియా ఆస్పత్రిలో వైద్యాధికారులుగా చేరిన ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు తెలంగాణ ప్రభుత్వ సర్వీసులో అలాంటి మొదటివాళ్లు. అంటే రాసేవాళ్లకీ చెప్పేవాళ్లకీ కొరత లేదు. గర్భసంచి తీయించుకున్న మా పెద్దమ్మకీ, సూది తేదీ దాటిపోయి బాత్రూములో కూర్చుని భయపడుతున్న ఇరవై ఏళ్ల అబ్బాయికీ, నిర్వాణం అయ్యి ముప్ఫయ్యేళ్లయిన హిజ్రా అమ్మకీ ఒకే పుస్తకంలో పేజీలుండాలి. మొదటి పేజీకి కావలసిన సమాచారం పైన ఒక పేరాలో రాసేశాను. అది తీసుకోండి, డాక్టర్లకి చూపించి సరిచూడండి, అచ్చువెయ్యండి, పంచండి. నా పేరు వెయ్యక్కర్లేదు.